చేతికి తగ్గ పిడి కోసం... లూధియానా దాకా!

పొద్దున తొమ్మిదింటికి లూధియానా గిల్ రోడ్డులో నిలబడితే సైకిళ్లు కనిపించవు. సైకిల్ ముక్కలు కనిపిస్తాయి! ఓ తోపుడు బండి మీద చెరకు గడల్లా కట్టలు కట్టిన హ్యాండిళ్లు. దాని వెనకే మరో బండి, దాన్నిండా గాజుల మలారంలా గుచ్చిన రిమ్ములు. గోనె సంచుల్లో పెడళ్లు, రేకు డబ్బాల్లో బాల్ బేరింగులు, తాడుకు వేలాడదీసిన సీట్లు. ఇక్కడ ముక్కలుగా బయల్దేరిన సరుకు దేశంలో ఎక్కడో ఓ చిన్న ఊళ్లోని దుకాణంలో సైకిలై నిలబడుతుంది. మీ ఇంట్లో ఓ సైకిల్ ఉంటే దాని పెడలో, చైనో, ఫ్రేమో ఈ రోడ్డు మీదుగా వచ్చే ఉంటుంది.

మనకు లూధియానా అనగానే స్వెటర్లు గుర్తొస్తాయి. ఘంటాఘర్ పక్కనున్న చౌడా బజారులో చలికాలమంతా ఉన్ని దుస్తుల తిరనాళ్లే. కానీ ఈ ఊరి అసలు సందడి వినాలంటే గిల్ రోడ్డుకీ, మిల్లర్ గంజ్ సందుల్లోకీ రావాలి. మొన్న ఫిబ్రవరిలో స్నేహితుడి కూతురి పెళ్లికి వెళ్లాను. ఢిల్లీ నుంచి శతాబ్ది ఎక్కితే మూడొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. దారి పొడుగునా పచ్చటి గోధుమ చేలు, మధ్య మధ్య పసుపు ఆరబోసినట్టు ఆవ చేలు. పెళ్లి సాయంత్రం. పగలంతా ఖాళీ. నా సంచిలో పెళ్లి కానుకతోపాటు మడత పెట్టిన పాత వార్తాపత్రిక ఒకటుంది. దాని మీద పెన్సిల్‌తో గీసిన ఓ అరచెయ్యి బొమ్మ. అది మా బాబాయిది.

బాబాయి చెయ్యి

మా బాబాయి వడ్రంగి. తెనాలికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఊరు. గుమ్మాలు, ద్వారబంధాలు, దేవుడి మందిరాలు చెక్కడంలో చెయ్యి తిరిగినవాడు. ఆ చెయ్యి కూడా అలాంటిలాంటిది కాదు... చేటంత! చిన్నప్పుడు తాయిలం పెడతానని గుప్పిట మూసేవాడు. మేం ఇద్దరం పిల్లలం కలిసి లాగినా ఆ వేళ్లు విడిపడేవి కావు. యాభై ఎనిమిదేళ్లొచ్చినా రోజూ రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లూ సైకిల్ మీదే. పాత నల్ల సైకిల్ తుప్పు పట్టిందని కొడుకు రెండేళ్ల కిందట తిన్నటి హ్యాండిల్ ఉన్న కొత్త సైకిల్ కొనిచ్చాడు.

ఏడాది తిరిగేసరికి కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట్లో చెయ్యి విదిలిస్తే పోయేది. తర్వాత దుకాణానికి చేరిన గంట దాకా ఉండేది. సంక్రాంతి ముందు ఓ రోజు ఉలి జారింది. చెక్కుతున్న పద్మం రేకు ఒకటి ఎగిరిపోయింది. నలభై ఏళ్ల పనిలో అలా జరగడం అదే మొదటిసారి.

తెనాలి డాక్టరు షుగరు పరీక్ష చేయించాడు, లేదని తేలింది. అరచేతిలో నరం నలుగుతోందని చెప్పాడు. చిటికెన వేలి వైపున మణికట్టు దాటగానే ఓ సన్నటి దారి ఉంటుంది. అల్నార్ నాడి అందులోంచే వేళ్లకు వెళ్తుంది. 1861లో దాన్ని వివరించిన ఫ్రెంచి శస్త్రవైద్యుడి పేరుతో ‘గుయాన్ కెనాల్’ అంటారు. సైకిల్ హ్యాండిల్ మీద బరువంతా సరిగ్గా అక్కడే ఆనితే నాడి మీద ఒత్తిడి పడుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. అలాగే వదిలేస్తే పట్టు తగ్గిపోతుంది. ‘సైకిలన్నా మానెయ్యండి, పట్టుకునే తీరన్నా మార్చండి’ అన్నాడు డాక్టరు.

ఇంట్లో వాళ్లంతా ఆటోలో వెళ్లమన్నారు. బాబాయి ఒకటే మాట... ‘సైకిల్ మానేస్తే నేను ఎప్పుడు బయల్దేరాలో ఆటోవాడు చెప్తాడు. నలభై ఏళ్లుగా నా కాళ్ల మీద నేను పోతన్నా. ఇప్పుడు ఒకళ్ల కోసం రోడ్డు మీద నిలబడాలా?’

తెనాలిలో దొరికిన గ్రిప్పులన్నీ చూశాడు. రంగులు వేరు, కొలత ఒకటే. మెత్తగా ఉంటాయని స్పాంజి గ్రిప్పులు వేయించుకుంటే నెల తిరిగేసరికి అణిగిపోయి, లోపలి ఇనుప గొట్టం అరచేతికి తగలడం మొదలెట్టింది. నేను లూధియానా వెళ్తున్నానని తెలిసి వార్తాపత్రిక మీద చెయ్యి పెట్టి గీయించాడు. ‘సైకిళ్ల ఊరంటున్నావుగా, నా చేతికి సరిపడేది ఉందేమో చూడరా అబ్బాయ్’ అన్నాడు.

అందరికీ ఒకటే సైజు

లోదీ సుల్తానుల కాలంలో వెలిసిన ఊరు లూధియానా. పేరూ వాళ్ల నుంచి వచ్చిందే. సైకిళ్ల ఊరుగా పేరొచ్చింది మాత్రం దేశ విభజన తర్వాత. ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న కమాలియా నుంచి వచ్చిన ముంజాల్ సోదరులు మొదట సైకిల్ విడిభాగాలు అమ్మారు. 1956లో హీరో సైకిల్స్ పెట్టారు. 1986 నాటికి ఆ సంస్థ ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు తయారుచేసేదిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఏవన్ సైకిళ్లూ ఈ ఊరివే. ఆ పెద్ద కర్మాగారాల చుట్టూ వేర్ల మాదిరిగా చిన్న చిన్న యూనిట్లు అల్లుకున్నాయి. ఒకరు చువ్వలు చేస్తే మరొకరు వాటి మరలు చేస్తారు. సైకిల్, కుట్టుమిషన్ల పరిశోధనాభివృద్ధి కేంద్రం కూడా ఈ ఊళ్లోనే ఉంది.

ఇన్ని ఉన్నచోట పెద్ద చేతికో గ్రిప్పు ఉండదా!

మొదటి దుకాణంలో ఎర్ర తలపాగా సర్దార్‌జీ నా వార్తాపత్రికను అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ బొమ్మ మీద తన చెయ్యి పెట్టారు. ఇంచుమించు సరిపోయింది. పకపకా నవ్వారు. ‘భాయ్ సాబ్, పంజాబ్‌కొచ్చి పెద్ద చేతుల సంగతి అడుగుతున్నారా? మాకూ ఇవే గ్రిప్పులు’ అంటూ డజన్ల లెక్కన కట్టిన ప్యాకెట్లు బల్ల మీద పోశారు. నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, వేళ్ల గుంటలున్నవి, లేనివి. అన్నీ ఒకే లావు.

ఆలోచిస్తే విచిత్రమే. మన నల్ల సైకిల్‌కు పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు అంగుళాల ఫ్రేములు ఉన్నాయి. సీటు ఎత్తు మార్చుకోవచ్చు. కాలికి చెప్పు కొన్నా తొమ్మిదో పదో అని అడుగుతారు. గ్రిప్పు దగ్గరికొచ్చేసరికి తొమ్మిదో తరగతి ఆడపిల్లకీ ఆరడుగుల మనిషికీ ఒకటే!

కారణం కూడా సర్దార్‌జీయే చెప్పారు. మామూలు సైకిల్ హ్యాండిల్‌లో గ్రిప్పు ఎక్కేచోట గొట్టం లావు ప్రపంచమంతా దాదాపు ఒకటే... అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. అంటే 22.2 మిల్లీమీటర్లు. ఇంగ్లిష్ వాళ్ల నాటి కొలత. దాని మీదకెక్కే తొడుగు ఎంత పలుచగా ఉంటే అంత ముడిసరుకు ఆదా. లక్షల్లో తీసుకునే బేరాల్లో జతకు పైసల తేడా కూడా పెద్ద లెక్కే. కొత్త కొలత కావాలంటే కొత్త అచ్చు చేయించాలి. ‘పెద్ద చేతులవాళ్లు ఎవరూ వచ్చి అడగరు. చెయ్యి నొప్పి పుడితే వయసైపోయింది అనుకుంటారు’ అన్నారాయన. ఆ మాట నన్ను పట్టుకుంది.

‘మిల్లర్ గంజ్‌లో మా మిస్త్రీజీ ఉన్నాడు. పోయి అడగండి’ అని ఓ కుర్రాణ్ని తోడిచ్చి పంపారు.

తాడుతో తేలిన లెక్క

అదో చిన్న రేకుల షెడ్డు. లోపల రెండు యంత్రాలు. పైనున్న గరాటాలో ప్లాస్టిక్ గుళికలు పోస్తే అవి కరిగి, నడుమ ఇనుప కడ్డీ ఉన్న అచ్చులోకి వేగంగా దూరతాయి. చల్లారాక అచ్చు విచ్చుకుంటుంది. ఓ కుర్రాడు గాలి గొట్టం పెట్టి ‘ఫట్’మని ఊదితే గ్రిప్పు కడ్డీ మీంచి జారి పళ్లెంలో పడుతుంది. వేడి రబ్బరు వాసన. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ మిస్త్రీజీ చెవిలో పెన్సిల్ పెట్టుకుని లెక్కపుస్తకం చూసుకుంటున్నారు. నేను పత్రిక విప్పగానే ఆయన స్కేలు తీశారు. మణికట్టు గీత నుంచి నడిమి వేలి కొస దాకా 21 సెంటీమీటర్లు. వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా 10 సెంటీమీటర్లు.

‘ఈయన ఏం పని చేస్తారు?’

‘వడ్రంగి.’

ఆయన ముఖం వికసించింది. లూధియానా పరిశ్రమ ఎదగడం వెనక వడ్రంగం, కమ్మరం తెలిసిన రామ్‌గఢియా కుటుంబాల చేతి పనితనం ఎంతో ఉంది. ఆయనా ఆ కుటుంబాల్లోని మనిషే. దగ్గర్లోనే విశ్వకర్మ చౌక్. మన దగ్గర సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజ చేస్తారు. ఇక్కడ దీపావళి మర్నాడు. ఆ రోజు యంత్రాలన్నీ ఆపి, పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి మొక్కుతారట.

‘వడ్రంగి అంటున్నారు కదా. మరి ఆయన బాడిసకు పిడి ఎవరు చేశారు?’ అని అడిగారు.

‘ఆయనే చేసుకుంటాడు.’

‘ఫోన్ చేయండి. ఆ పిడి చుట్టూ తాడు చుట్టి ఎంతుందో చెప్పమనండి.’

వీడియో కాల్ కలిపాను. తెనాలి దుకాణంలో బాబాయి బాడిస తీసి, పిడి చుట్టూ దారం చుట్టి, టేపు మీద పరిచాడు. ‘పదకొండు సెంటీమీటర్లురా.’ తర్వాత సైకిల్ గ్రిప్పు. ‘తొమ్మిది.’ మిస్త్రీజీ పెన్సిల్ తీశారు. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే లావు. బాడిస పిడి 35 మిల్లీమీటర్లు. గ్రిప్పు 28 చిల్లర.

‘ఇదే మీ బాబాయి జబ్బు’ అన్నారు మిస్త్రీజీ. ‘పెద్ద చేతికి సన్నటి పిడి ఇస్తే వేళ్లు పూర్తిగా ముడుచుకుపోతాయి. గోళ్లు అరచేతిలో గుచ్చుకునేలా బిగించి పట్టుకుంటారు. బరువంతా అరచేతిలో సన్నటి చార మీద పడుతుంది. పిడి లావైతే అదే బరువు అరచెయ్యంతా పరుచుకుంటుంది.’

అవతల ఫోన్లో బాబాయి కాసేపు మాట్లాడలేదు. నలభై ఏళ్లుగా తన పనిముట్లన్నిటికీ తన చేతి కొలతకే పిడులు చెక్కుకున్న మనిషి. ఆఖరికి, ‘సైకిలూ పనిముట్టే కదరా. ఈ ముక్క నాకెందుకు తట్టలా!’ అన్నాడు.

ఖరీదైన పిడులు

పెద్ద చేతుల కోసం గ్రిప్పులు లోకంలో లేకపోలేదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. అలాంటి చోట వందలు వెచ్చించి కాదు, వేలు వెచ్చించి వాటిని వేయించుకునేవాళ్లు ఉన్నారు. జర్మనీకి చెందిన ఎర్గాన్ గ్రిప్పులకు చివర చిన్న రెక్క ఉంటుంది. అరచేతి కింది భాగం దాని మీద ఆనుతుంది కాబట్టి నరం మీద బరువు తగ్గుతుంది. అందులో చిన్న చేతికో సైజు, పెద్ద చేతికో సైజు దొరుకుతాయి. అమెరికాలో ఈఎస్ఐ సంస్థ సిలికాన్ నురుగుతో చేసే గ్రిప్పులు 30, 32, 34 మిల్లీమీటర్ల లావుల్లో ఉన్నాయి. వుల్ఫ్ టూత్ అనే మరో సంస్థ ‘ఫ్యాట్ పా’ పేరుతో 36 మిల్లీమీటర్లవి అమ్ముతోంది. పేరుకు తగ్గట్టే లావుపాటి పంజా కోసం!

సిలికాన్ నురుగు మామూలు స్పాంజిలా అణిగిపోదు, అదురును బాగా పీల్చుకుంటుంది. ఎటొచ్చీ రాపిడికి కోసుకుపోతుంది. సైకిల్‌ను గరుకు గోడకు ఆనించే అలవాటున్నవాళ్లకు పనికిరాదు. మర బిగించి పెట్టే ‘లాక్ ఆన్’ గ్రిప్పులు జారవు, తీసి పెట్టడం తేలిక. కానీ లోపల గట్టి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. అందుకే అంతే లావున్న మామూలు గ్రిప్పుతో పోలిస్తే వీటిలో మెత్తదనానికి మిగిలే చోటు తక్కువ. కొనేముందు ఇవి తెలుసుకోవాలి.

మిస్త్రీజీకి ఇవన్నీ తెలుసు. ‘మంచివే. కానీ మీ బాబాయి సైకిల్ రోజంతా ఎండలో నిలబడుతుంది. ఎవరో ఒకరు గ్రిప్పులు లాక్కుపోతే ఆయన మళ్లీ కొనగలడా?’ అన్నారు. కుర్రాణ్ని పక్క వీధిలోని ఆటవస్తువుల దుకాణానికి పంపారు. వాడు రెండు క్రికెట్ బ్యాటు రబ్బరు తొడుగులు తెచ్చాడు!

పక్కనున్న జలంధర్ ఆటవస్తువులకు పేరుమోసిన ఊరు. విభజన వేళ సియాల్‌కోట్ నుంచి వచ్చినవాళ్లు నిలబెట్టిన పరిశ్రమ అది. అక్కడి సరుకు ఇక్కడ ప్రతి బజారులోనూ దొరుకుతుంది. ఒక్కో తొడుగును సగానికి కోస్తే హ్యాండిల్‌కు రెండు వైపులా సరిపోతుంది. ఉన్న గ్రిప్పు మీద ఒక పొర ఎక్కించి, దారంతో కొలవాలి. చాలకపోతే రెండో పొర. మిస్త్రీజీ ఓ గొట్టం మీద ఎక్కించి చూపించారు. రెండో పొరకు దారం పదకొండు సెంటీమీటర్లు చూపించింది. రెండు తొడుగులకూ కలిపి రెండొందలు కూడా కాలేదు.

గ్రిప్పు సగమే

లేవబోతుంటే మిస్త్రీజీ చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. అల్లం వేసిన చిక్కటి టీ వచ్చింది. ‘గ్రిప్పు సగమే. అసలు బరువు చేతుల మీదికి ఎందుకొచ్చిందో అది చూడాలి’ అన్నారు. ఆయన చెప్పినవి ఏ సైకిల్‌కైనా, ఏ చేతికైనా పనికొచ్చేవే.

సీటు ముక్కు కిందికి వంగి ఉంటే ఒళ్లు ముందుకు జారుతుంది. ఆ జారుడును ఆపేది అరచేతులే. కాబట్టి సీటు సమంగా ఉండాలి. హ్యాండిల్ మరీ కిందికి, మరీ దూరంగా ఉన్నా ఇదే బాధ. కొంచెం పైకి లేపితే కొంత బరువు సీటు మీదికి వెళ్తుంది. పట్టుకున్నప్పుడు మణికట్టు పైకీ కిందికీ విరగకుండా ముంజేతికి తిన్నగా ఉండాలి. టైర్లలో గాలి రాయిలా కొట్టిస్తే గతుకులన్నీ చేతుల్లోకే వస్తాయి. దారిలో అప్పుడప్పుడూ పట్టు మార్చాలి, వేళ్లు ఆడించాలి.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. గ్రిప్పు లావైతే వేళ్లకు బ్రేకు దూరమవుతుంది. రెండు వేళ్లతో బ్రేకు పూర్తిగా నొక్కగలిగితేనే రోడ్డెక్కాలి. అందకపోతే బ్రేకు పిడి దగ్గరుండే చిన్న మరను తిప్పి దగ్గరికి తెచ్చుకోవచ్చు. గ్రిప్పు చేతిలో గుండ్రంగా తిరిగిపోతుంటే అసలు వాడకూడదు. హ్యాండిల్ చివర్లు తెరిచి ఉంచకూడదు, బిరడా తప్పనిసరి. పడినప్పుడు ఆ గొట్టం అంచు కత్తిలా దిగుతుంది. వానాకాలం తర్వాత తొడుగు తీసి తుప్పు పట్టిందేమో చూసుకోవాలి. ఇక తిమ్మిరి సైకిల్ దిగాక కూడా వదలకపోయినా, చేతిలో వస్తువులు జారిపోతున్నా గ్రిప్పులు మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టరును కలవాలి. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారితే అది వేరే నాడి సంగతి.

డబ్బులు తీసుకోమంటే మిస్త్రీజీ తల అడ్డంగా ఊపారు. బాబాయి చెయ్యి గీసిన పత్రిక మాత్రం ఉంచుకుంటానన్నారు. ‘ఎప్పుడైనా పెద్ద అచ్చు చేస్తే పనికొస్తుంది’ అని గోడకు మేకు కొట్టి తగిలించారు. తెలుగు అక్షరాల మీద మా బాబాయి అరచెయ్యి, పక్కన గురునానక్ పటం! ఆ సాయంత్రం పెళ్లిలో భాంగ్రా చూస్తున్నా, వెన్న కరిగిన మక్కీ రొట్టె, ఆవాకు కూర తింటున్నా నా కళ్లు అందరి చేతుల మీదే. ఎన్ని కొలతల చేతులు!

మెట్ల కర్ర

తెనాలి చేరాక తొడుగులు ఎక్కించడానికి బాబాయికి పావుగంట పట్టింది. సీటు సమం చేసి, హ్యాండిల్ రెండు వేళ్లెత్తు లేపాడు. మొదటి వారం తేడా తెలియలేదు. మూడో వారానికి దుకాణం చేరేసరికి తిమ్మిరి ఉండటం మానేసింది. ఇప్పుడు ఉలి జారట్లేదు. అయితే పూర్తిగా నయమైందని చెప్పలేను. ఒకే రోజు రెండుసార్లు ఊరికెళ్లొస్తే చిటికెన వేలు ఇంకా కాస్త మొద్దుబారుతుంది. నరం కోలుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. సైకిల్ మానమని మాత్రం ఈసారి అనలేదు.

బాబాయి అంతటితో ఆగలేదు. టేకు ముక్క ఒకటి తీసుకుని, మూరెడు పొడుగున ఓ కర్ర తరిణె పట్టాడు. దానికి మూడు మెట్లు... 29 మిల్లీమీటర్లు, 32, 35. ఒక్కో మెట్టు మీద ఉలితో ఒకటి, రెండు, మూడు గీతలు. దాన్ని తీసుకెళ్లి తెనాలిలో తను గ్రిప్పులు కొనే సైకిల్ షాపులో తాడుతో వేలాడదీశాడు. వచ్చినవాళ్లు ముందు ఆ కర్ర పట్టుకుని చూస్తున్నారు. షాపతను గ్రిప్పుల పక్కనే బ్యాటు తొడుగులూ పెట్టుకున్నాడు. మొన్న పాలు పోసే పెద్దాయన ఒకడు మూడో మెట్టు దగ్గర చెయ్యి ఆపి, ‘ఇదిగో, ఇదీ పట్టంటే’ అన్నాడట.